ఒకే సభ సరే, అధికారం మాటేమిటి?

ఒకే భూభాగాన్ని రెండు సభలు పాలిస్తే ఖర్చు రెట్టింపవుతుందని, బాధ్యత మాత్రం సగానికి తగ్గుతుందని పాలనా సంస్కరణలు కోరేవారు తరచు చెబుతుంటారు. రెంటినీ కలిపి ఒకటి చేస్తే పాలన సులువవుతుందన్నది వారి విశ్వాసం. కరీబియన్ సముద్రంలోని ఫ్రెంచి దీవి మార్టినిక్‌లో ఈ విశ్వాసం 2015 డిసెంబరులో ఆచరణలోకి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దిలో పుట్టిన జనరల్ కౌన్సిల్ అంతరించింది. దానితోపాటే ప్రాంతీయ కౌన్సిల్ కూడా రద్దయింది. ఆ రెంటి స్థానంలో 51 మంది సభ్యుల మార్టినిక్ అసెంబ్లీ వెలసింది. ఆ తరువాతి అనుభవం ఒక సత్యాన్ని తేటతెల్లం చేస్తున్నది. సభలను కలపడం వల్ల ఎవరిని నిలదీయాలో ప్రజలకు తెలుస్తుంది. కాని నిలదీసినప్పుడు సమాధానం చెప్పగల అధికారం ఆ సభకు లేకపోతే విలీన ప్రయోజనం సగమే దక్కుతుంది.

మార్టినిక్ చిన్న దీవి. విస్తీర్ణం 1,128 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు మూడున్నర లక్షలు. పారిస్‌కు దాదాపు 7 వేల కిలోమీటర్ల దూరాన ఉన్నా చట్టరీత్యా అది ఫ్రాన్సులో అంతర్భాగం. ఆ దీవితో మన దేశానికి ఉన్న సంబంధం కూడా చిన్నది కాదు. బానిసత్వం 1848లో రద్దయిన తరువాత చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. 1853 మే నెలలో పుదుచ్చేరి, కారైకాల్‌ల నుంచి తొలి ఓడ అక్కడికి చేరింది. తదుపరి మూడు దశాబ్దాల్లో సుమారు 25 వేల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా ఆ దీవిలో అడుగుపెట్టారు. ఈ వలసకు ప్రజాధనం ఖర్చవుతోందని, దాని ఫలితంగా స్థానిక కూలీల వేతనాలు పడిపోతున్నాయని విమర్శలు చెలరేగగా, 1884 డిసెంబరులో దానికి స్వస్తి పలికింది మార్టినిక్ జనరల్ కౌన్సిలే. వేలాది భారతీయ కుటుంబాల తలరాతతో ముడిపడిన ఆ సభ చరిత్రలో కలిసిపోయిన తీరు మనకూ ఆసక్తికరమే.

రెండు సభల పుట్టుక

ఫ్రాన్సులో డిపార్ట్‌మెంటు అంటే మన జిల్లాను పోలిన పాలనా విభాగం. దానికి ఎన్నికైన సభే జనరల్ కౌన్సిల్. ఫ్రాన్సు ప్రధాన భూభాగంలో 2015 నుంచి దాన్ని డిపార్ట్‌మెంట్ కౌన్సిల్ అంటున్నారు. కొన్ని డిపార్ట్‌మెంట్లను కలిపితే ఒక ప్రాంతం అవుతుంది; దానికి వేరే కౌన్సిల్ ఉంటుంది. ప్రధాన భూభాగంలో ఈ ఏర్పాటుకు అర్థముంది. రెండు సభల సరిహద్దులు వేరు, పరిధి వేరు.

మార్టినిక్ వలస రాజ్యంగా ఉన్న కాలంలోనే అక్కడ జనరల్ కౌన్సిల్ ఉండేది. 1946 మార్చి 19 నాటి చట్టంతో ఆ దీవితోపాటు గ్వాదెలూప్, ఫ్రెంచి గయానా, రీయూనియన్‌లు కూడా డిపార్ట్‌మెంట్లుగా మారాయి. ఈ చట్టాన్ని ఫ్రెంచి పార్లమెంటులో ప్రతిపాదించి నడిపించిన ప్రముఖుడు మార్టినిక్ కవి, రాజకీయ నాయకుడు ఎమె సెజేర్. సమాన పౌరసత్వం, సమాన వేతనాలు, సమాన సంక్షేమం లభిస్తాయన్నది నాటి ఆశ.

1982లో ఫ్రాన్సు అధికార వికేంద్రీకరణ చేపట్టి ప్రాంతీయ కౌన్సిళ్లకు ఎన్నికలు జరపాలని నిర్ణయించినప్పుడు చిక్కు వచ్చింది. మార్టినిక్ వంటి చోట్ల డిపార్ట్‌మెంటూ ఒకటే, ప్రాంతమూ ఒకటే. ఒకే నేలకు రెండు సభలెందుకని ఆనాటి సోషలిస్టు ప్రభుత్వం ఏకైక సభను ప్రతిపాదించింది. అయితే 1982 డిసెంబరు 2న రాజ్యాంగ మండలి ఆ చట్టాన్ని కొట్టివేసింది. దామాషా పద్ధతిలో ఎన్నికయ్యే ఏకసభ, నియోజకవర్గాలకు ప్రాతినిధ్యం వహించే జనరల్ కౌన్సిల్‌కు భిన్నమైన స్వభావం కలదని, రాజ్యాంగం అనుమతించిన సర్దుబాట్లను అది మించిపోతుందని మండలి భావించింది. తత్ఫలితంగా 1983 నుంచి ఒకే దీవిపై రెండు సభలు పక్కపక్కన పనిచేశాయి. జనరల్ కౌన్సిల్‌లో 45 మంది, ప్రాంతీయ కౌన్సిల్‌లో 41 మంది సభ్యులుండేవారు.

పని విభజన చూస్తే చిక్కు ఎంతటిదో బోధపడుతుంది. పేదలకు కనీస ఆదాయ భృతి, వృద్ధుల సంరక్షణ, రోడ్లు, మాధ్యమిక పాఠశాలలు జనరల్ కౌన్సిల్ వంతు. ఉన్నత పాఠశాలలు, వృత్తి శిక్షణ, ఆర్థికాభివృద్ధి ప్రాంతీయ కౌన్సిల్ వంతు. పదిహేనేళ్లు నిండబోయే విద్యార్థి ఒక బడి నుంచి మరో బడికి మారితే అతని చదువుకు జవాబుదారీ అయిన సభ కూడా మారిపోయేది. నిరుద్యోగికి భృతి ఇచ్చేది ఒక సభ, శిక్షణ ఇచ్చేది మరో సభ. ఒక సభలో ఒక పక్షం, మరో సభలో దాని ప్రత్యర్థి అధికారంలో ఉన్న కాలాల్లో లోపం ఎవరిదో తేల్చడం ఓటరుకు అసాధ్యమయ్యేది.

ముమ్మారు అడిగిన ప్రశ్న

ఈ విలీనంలో మెచ్చుకోదగ్గ అంశం ఒకటి ఉంది. ప్రజలను అడగకుండా అది జరగలేదు. 2003 మార్చిలో ఫ్రాన్సు రాజ్యాంగాన్ని సవరించి, సముద్రాంతర ప్రాంతాల పాలనా స్వరూపం మార్చాలంటే అక్కడి ఓటర్ల సమ్మతి తప్పనిసరి చేసింది. ఆ ఏడాది డిసెంబరు 7న మార్టినిక్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో విలీనం ఓడిపోయింది. తేడా సుమారు వెయ్యి ఓట్లు మాత్రమే. అదే రోజు గ్వాదెలూప్‌లో దాదాపు 73 శాతం మంది తిరస్కరించారు.

2009 ప్రారంభంలో అధిక ధరలకు వ్యతిరేకంగా గ్వాదెలూప్, మార్టినిక్‌లలో వారాల తరబడి సమ్మెలు సాగాక ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. 2010 జనవరిలో ఓటర్లను రెండుసార్లు అడిగారు. జనవరి 10న స్వయంప్రతిపత్తి కావాలా అన్న ప్రశ్నకు దాదాపు 79 శాతం మంది వద్దన్నారు. జనవరి 24న స్వయంప్రతిపత్తి లేకుండా రెండు సభలను మాత్రం కలపవచ్చునా అని అడిగితే 68 శాతం మంది సరేనన్నారు. అయితే ఆ రోజు పోలింగు సుమారు 36 శాతానికే పరిమితమైంది. ఫ్రెంచి గయానాలో అదే రోజు 57 శాతం మంది అంగీకరించగా పోలింగు 27 శాతం మాత్రమే నమోదైంది.

ఈ తీర్పును జాగ్రత్తగా చదవాలి. ఓటర్లు సంస్కరణకు వ్యతిరేకులు కారు. పాలనా యంత్రాంగం చక్కబడాలని వారు కోరారు. కాని సామాజిక భద్రత, సమాన వేతన చట్టాలు చేజారిపోతాయేమోనన్న భయం వారిని వెనక్కి లాగింది. 1946లో సెజేర్ తరం సాధించిన సమానత్వాన్ని పణంగా పెట్టి అధికారాలు తెచ్చుకోవడానికి వారు సిద్ధపడలేదు. ఫలితంగా పుట్టిన సభ ఆకారంలో పెద్దది, అధికారాల్లో పాత రెండు సభల మొత్తానికి సమానం. అంతకు మించి దానికి సంక్రమించినది స్వల్పం.

2011 జూలై 27 నాటి చట్టం కొత్త సభకు రూపమిచ్చింది. 2015 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. స్వాతంత్ర్యవాది ఆల్ఫ్రెడ్ మరీ జాన్ మితవాద పక్షంతో చేతులు కలిపి గెలుపొంది కార్యనిర్వాహక మండలి అధ్యక్షుడయ్యారు. జనరల్ కౌన్సిల్‌కు దాదాపు రెండు దశాబ్దాలు అధ్యక్షత వహించిన క్లోద్ లీజ్ అసెంబ్లీ అధ్యక్షుడయ్యారు. 51 మంది సభ్యుల అసెంబ్లీ, దానికి జవాబుదారీగా తొమ్మిది మంది కార్యనిర్వాహక మండలి ఏర్పడ్డాయి. చర్చించేవారు వేరు, అమలు చేసేవారు వేరు అన్న ఈ ఏర్పాటు మన శాసనసభ, మంత్రివర్గాల సంబంధాన్ని తలపిస్తుంది. 2021 ఎన్నికల్లో ఓటర్లు పాలకపక్షాన్ని మార్చి సెర్జ్ లెచిమీ పక్షానికి అధికారమిచ్చారు. తప్పొప్పుల లెక్క ఒక్కరి ఖాతాలో చేరినప్పుడు ఓటరు తీర్పు చెప్పడం ఎంత సులభమో దీన్నిబట్టి అర్థమవుతుంది. విలీనం సాధించిన నికరమైన మేలు ఇదే.

ధరల పరీక్ష

అసలు పరీక్ష 2024లో ఎదురైంది. మార్టినిక్‌లో ఆహార పదార్థాల ధరలు ఫ్రాన్సు ప్రధాన భూభాగం కన్నా 40 శాతం ఎక్కువని ఫ్రాన్సు జాతీయ గణాంక సంస్థ 2022కు సంబంధించి లెక్కగట్టింది. 2024 సెప్టెంబరులో దీనిపై ఆందోళన రాజుకున్నది. రహదారుల దిగ్బంధం, దుకాణాల దహనం, కర్ఫ్యూ దాకా పరిస్థితి వెళ్లింది. ఇక్కడే కొత్త సభ బలమూ బలహీనతా రెండూ బయటపడ్డాయి.

దిగుమతి సరకులపై విధించే ఒక పన్ను ఆ దీవుల్లో శతాబ్దాలుగా ఉంది. మన పురపాలక సంఘాలు ఒకప్పుడు వసూలు చేసిన ఆక్ట్రాయి వంటిదే అది. పేరు కూడా సముద్ర ఆక్ట్రాయి. 1866లో దాని రేట్లు నిర్ణయించే అధికారం జనరల్ కౌన్సిల్‌కు దఖలు పడింది. 1984లో అది ప్రాంతీయ కౌన్సిల్‌కు బదిలీ అయింది. ఇప్పుడు విలీన అసెంబ్లీ చేతిలో ఉంది. ఆ దీవి సభకు చెప్పుకోదగిన సొంత ఆర్థిక ఆయుధం ఇదొక్కటే. కాని ఆ ఆయుధం రెండంచుల కత్తి. ఆ పన్ను రాబడిలో అధిక భాగం పురపాలక సంఘాలకు చేరుతుంది. తగ్గిస్తే పురపాలక సంఘాల ఖజానా ఖాళీ అవుతుంది, పెంచితే సామాన్యుని సంచి ఖాళీ అవుతుంది. పైగా స్థానిక ఉత్పత్తులకు ఇచ్చే రాయితీలకు ఐరోపా యూనియన్ అనుమతి కావాలి. ప్రస్తుత అనుమతి గడువు 2027 చివరి వరకే ఉంది.

2024 అక్టోబరు 16న కుదిరిన ఒప్పందం ఈ పరిమితులకు అద్దం పట్టింది. సుమారు 6 వేల వస్తువుల ధరలను సగటున 20 శాతం తగ్గించాలని నిర్ణయించారు. ఇందుకు అసెంబ్లీ తన వంతుగా సముద్ర ఆక్ట్రాయిని వదులుకోవాలి. విలువ ఆధారిత పన్నును తగ్గించాలంటే పారిస్‌లోని పార్లమెంటు పూనుకోవాలి. టోకు, చిల్లర వ్యాపారుల లాభాల శాతం తగ్గాలంటే వారే దయతలచాలి. శాంతిభద్రతలు ప్రిఫెక్టు చేతిలో ఉన్నాయి. ఆయన మన కలెక్టరును పోలిన కేంద్ర ప్రతినిధి. ఆందోళన నడిపిన సంఘం ఒప్పందంపై సంతకం చేయనేలేదు. ఒకే సభ ఉన్నందువల్ల ప్రజలు ఎక్కడికి వెళ్లాలో వారికి తెలిసింది. వెళ్లాక అక్కడ దొరికిన జవాబు మాత్రం మూడో వంతే.

ఫ్రెంచి గయానా అనుభవం కూడా ఇందుకు భిన్నం కాదు. అక్కడ ఏకసభ ఏర్పడిన పదహారు నెలలు తిరగకముందే, 2017 వసంతంలో, భద్రత, వైద్యం, విద్య వసతుల కోసం జనం వీధుల్లోకి వచ్చారు. కొత్త అసెంబ్లీ వారి గోడు వినగలిగిందే గాని తీర్చలేకపోయింది. ఆ ఏడాది ఏప్రిల్ 21న పారిస్ ప్రభుత్వం 108 కోట్ల యూరోల అత్యవసర ప్రణాళికకు అంగీకరించాకే ఆందోళన సద్దుమణిగింది. 2019 నుంచి కనీస ఆదాయ భృతి భారాన్ని కేంద్ర ప్రభుత్వమే తిరిగి తీసుకున్నది. సభలను కలిపినంత మాత్రాన ఖజానా నిండదని దీనివల్ల రుజువైంది.

దూరమైన సభ్యుడు

విలీనం వల్ల కలిగిన నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పాత జనరల్ కౌన్సిల్‌లో ఒక్కో చిన్న నియోజకవర్గానికి ఒక్కో సభ్యుడుండేవాడు. గ్రామం రోడ్డు పాడైనా, వృద్ధురాలి భృతి ఆగినా తలుపు తట్టడానికి ఒక పేరు, ఒక ముఖం ఉండేవి. కొత్త సభకు దీవి మొత్తం ఒకే నియోజకవర్గం. నాలుగు విభాగాలుగా జాబితాలు తయారవుతాయి. ఓటు వ్యక్తికి కాక జాబితాకు పడుతుంది. గెలిచిన జాబితాకు అదనంగా 11 స్థానాలు లభిస్తాయి. స్థిరమైన ప్రభుత్వానికి ఈ ఏర్పాటు అవసరమే కావచ్చు. అయితే 86 మంది స్థానంలో 51 మంది మిగలడం, వారిలోనూ ఫలానా ఊరి వాడని చెప్పుకోదగినవారు తగ్గడం పల్లెలకు లోటే. 1982లో రాజ్యాంగ మండలి వ్యక్తం చేసిన ఆందోళన నిరాధారమైనది కాదు. సభ్యుల సంఖ్య తగ్గడం వల్ల మిగిలే డబ్బు, ఉద్యోగుల జీతాలు, సంక్షేమ భృతుల ముందు స్వల్పమేనన్నది కూడా మరువరాదు.

విలీనాన్ని నిరాకరించిన చోట్ల పరిస్థితి మెరుగ్గా ఉన్నదా అంటే అదీ లేదు. గ్వాదెలూప్ రెండు సభలతోనే కొనసాగుతున్నా ధరల బెడద, నిరసనలు అక్కడా తప్పలేదు. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ మరో దారి ఎంచుకుంది. 1820ల చివరలో యానాం నుంచి వెళ్లిన తెలుగు కూలీలు ఆ దీవిని చేరిన తొలి భారతీయ శ్రామికుల్లో ఉన్నారు. భారతీయ సంతతికి చెందిన జాన్ పాల్ విరాపుల్లే అనే నాయకుని చొరవతో 2003 సవరణలో ఒక మినహాయింపు చేరింది. చట్టాలను స్థానికంగా మార్చుకునే ప్రత్యేక వెసులుబాటు రీయూనియన్‌కు వర్తించదని రాజ్యాంగంలోనే రాశారు. ఫ్రాన్సు చట్టాలకు దూరమైతే ఫ్రాన్సు రక్షణకూ దూరమవుతామన్న భయమే దీనికి మూలం. మార్టినిక్ మాత్రం ఇంధనం, రవాణా రంగాల్లో ఆ వెసులుబాటును వాడుకున్నది. రెండు దీవుల ఎంపికలూ అర్థవంతమే. సభల సంఖ్య కన్నా వాటి చేతికి దక్కే అధికారమే ముఖ్యమన్న సంగతిని రెండూ చాటుతున్నాయి.

అడగడమే ప్రజాస్వామ్యం

ఫ్రాన్సు అన్ని చోట్లా ఈ మర్యాద పాటించిందని అనుకోరాదు. కార్సికా ఓటర్లు 2003 జూలైలో స్వల్ప తేడాతో విలీనాన్ని తోసిపుచ్చారు. అయినా మళ్లీ అడగకుండానే 2015 చట్టం ద్వారా 2018 జనవరి 1 నుంచి అక్కడి రెండు డిపార్ట్‌మెంట్లను, ప్రాంతీయ వ్యవస్థను కలిపివేశారు. అల్సేస్‌లో 2013 ఏప్రిల్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ విఫలమైంది. 2021లో అక్కడి రెండు డిపార్ట్‌మెంట్ కౌన్సిళ్లు మరోమారు ఓటింగు లేకుండానే ఒకటయ్యాయి. రాజ్యాంగం సముద్రాంతర దీవులకు ఇచ్చిన హక్కు ప్రధాన భూభాగంలోని పౌరులకు దక్కలేదు.

మన దేశంలో ఈ ప్రశ్న కొత్తది కాదు. ఫ్రెంచి వారి ఏలుబడిలోని పుదుచ్చేరి, యానాం తదితర ప్రాంతాలను భారతదేశంలో కలిపే విషయమై 1954 అక్టోబరు 18న కీళూరులో ఓటింగు జరిగింది. ఓటేసిన 178 మంది ప్రజాప్రతినిధుల్లో 170 మంది విలీనాన్ని ఆమోదించారు. సామాన్య ప్రజలు ఆ రోజు నేరుగా ఓటు వేయలేదు. చంద్రనగర్‌లో మాత్రం 1949లో ప్రజలే తీర్పు చెప్పారు. స్వతంత్ర భారత రాజ్యాంగంలోని మూడో అధికరణం రాష్ట్రాల స్వరూపం మార్చే అధికారాన్ని పార్లమెంటుకు కట్టబెట్టింది. సంబంధిత శాసనసభ అభిప్రాయం అడగాలన్నదే నియమం. దానికి కట్టుబడాలన్న నిబంధన లేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరించినా, అదే ఏడాది జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఆ నిర్ణయం మంచిచెడ్డల సంగతి ఎలా ఉన్నా, పద్ధతి మాత్రం అదే. ఢిల్లీ నగరపాలక సంస్థను 2012లో మూడుగా విడగొట్టి, 2022లో తిరిగి ఒకటి చేసినప్పుడు కూడా నగరవాసిని నేరుగా అడిగినవారు లేరు.

అందువల్ల మార్టినిక్ అనుభవం నుంచి నేర్వదగిన పాఠాలు రెండున్నాయి. మొదటిది, పాలక సభల స్వరూపాన్ని మార్చేముందు వాటి నీడన బతికేవారిని అడగాలి. ఒకసారి కాదంటే ఆ నిరాకరణ వెనుకనున్న భయమేమిటో తెలుసుకుని మళ్లీ అడగాలి. మార్టినిక్ ఓటర్లు ఏడేళ్ల వ్యవధిలో మూడుసార్లు తీర్పు చెప్పారు. 2003లో తేడా స్వల్పమే అయినా, 2010లో రెండుసార్లూ జవాబు స్పష్టంగా వచ్చింది. పోలింగు తక్కువేనన్న విమర్శ ఉన్నా, ఆ సభకు ప్రజల అనుమతి ఉందనడంలో సందేహం లేదు.

రెండోది, అధికారం లేని బాధ్యత అశాంతికి దారితీస్తుంది. రెండు సభలున్నప్పుడు ఒకటి మరొకదాని మీద నెపం నెట్టేది. ఒకే సభ ఉన్నప్పుడు ఆ నెపం పారిస్ మీదికి మళ్లుతుంది. 2022 మే నెలలో ఫోర్ ద ఫ్రాన్స్‌లో సమావేశమైన సముద్రాంతర ప్రాంతాల నాయకులు కేంద్రంతో తమ సంబంధాన్ని కొత్తగా నిర్వచించుకోవాలని పిలుపునిచ్చింది ఇందుకే. ప్రజల ఎదుట నిలబడేది తామైతే, తాళంచెవి మరొకరి దగ్గర ఉండరాదన్నది వారి ఆవేదన. సమానత్వాన్ని కోల్పోకుండా అధికారాన్ని పొందే మార్గం కనుగొనడమే ఇప్పుడు పారిస్ ముందున్న కర్తవ్యం. 2010లో మార్టినిక్ ఓటరు వద్దన్నది అధికారాన్ని కాదు, దానికోసం చెల్లించవలసి వస్తుందేమోనని భయపడిన మూల్యాన్ని. ఆ భయాన్ని తొలగించే బాధ్యత ప్రధానంగా పాలకులదే.

జనరల్ కౌన్సిల్ రద్దయిందని మార్టినిక్‌లో కన్నీరు పెట్టుకోవలసిన పని లేదు. దాని కాలం తీరింది. కాని రోడ్డు, బడి, భృతి, బియ్యం ధర ఈ నాలుగూ ఒకే గుమ్మం ముందు అడిగే అవకాశం ప్రజలకు వచ్చినప్పుడు, ఆ గుమ్మం లోపల ఉన్నవారి చేతులు కట్టేసి ఉంచడం న్యాయం కాదు. సభలను కలపాలనుకునే ఏ ప్రభుత్వమైనా, అది పారిస్‌లో ఉన్నా ఢిల్లీలో ఉన్నా, ఈ సంగతిని ముందుగానే గుర్తించడం శ్రేయస్కరం.